హామర్ ‘డ్రాక్యులా’ (1958) బ్లూరే: ఏ డిస్కు కొనాలి, ఏ రంగుని నమ్మాలి?

సెకండ్_షో
బ్రిటన్‌లోని హామర్ కంపెనీ తీసిన, క్రిస్టఫర్ లీ, పీటర్ కుషింగ్ నటించిన 1958 ‘డ్రాక్యులా’ని ఇన్నాళ్లూ పాత డీవీడీలోనే చూస్తూ వచ్చాను. ఇక బ్లూరే కొందామని వెతికితే రెండు కనిపించాయి. ఒకటి 2013లో బ్రిటన్‌లో లయన్స్‌గేట్ వాళ్లు వేసింది. ఇంకోటి 2018లో అమెరికాలో వార్నర్ ఆర్కైవ్ వాళ్లు వేసింది, దాని అట్ట మీద ‘హారర్ ఆఫ్ డ్రాక్యులా’ అని ఉంది. రెండూ రిస్టోర్ చేసినవే అంటున్నారు. జపాన్‌లో దొరికిన షాట్లు మాత్రం ఒకదాంట్లోనే ఉన్నాయట. రంగుల సంగతికొస్తే ఎవరికి తోచింది వాళ్లు చెప్తున్నారు. రెండూ చూసినవాళ్లుంటే దయచేసి వివరంగా రాయండి. ఎంత పొడుగున్నా చదువుతాను, ఈ సినిమా అంటే నాకంత ప్రాణం.

థేమ్స్_గట్టు
నేనుండేది ఇంగ్లండులో, స్లౌ ఊళ్లో. రెండు డిస్కులూ నా దగ్గరున్నాయి కాబట్టి ముందు కొనేవాళ్లకి పనికొచ్చే ముక్క చెప్తాను.

బ్రిటన్ సెట్టు 2013 మార్చి 18న వచ్చింది. మొత్తం మూడు డిస్కులు. సినిమా అందులో రెండు రూపాల్లో ఉంది. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 2007లో బాగుచేసింది ఒకటి. దాని ఆధారంగానే 2012లో హామర్ వాళ్లు జపాన్ షాట్లు కలిపి తయారుచేసింది రెండోది. వార్నర్ డిస్కులో జపాన్ షాట్లు లేవు.

ఇక ప్లేయర్ సంగతి చూసుకోండి సార్. బ్రిటన్ డిస్కు బి రీజియన్, మన ఇండియా సి రీజియన్. అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ లేకుండా ఆ సెట్టు తెప్పించుకుంటే బ్లూరే ఆడదు. సెట్టులోని డీవీడీ పాల్ అనే టీవీ పద్ధతిది. 82 నిమిషాల సినిమా అందులో 79 నిమిషాలకే అయిపోతుంది. ఏదో కోసేశారని కంగారు పడొద్దు, సెకనుకి 24 ఫ్రేముల సినిమాని 25 చొప్పున నడిపిస్తారు, అంతే.

అర్ధరాత్రి_ఆట
అన్నా, ఒక్క డౌటు. జపాన్ షాట్లు, జపాన్ షాట్లు అని అందరూ ఇంత పెద్దగా చెప్తున్నారు కదా, మొత్తం కలిపితే ఎంతసేపుంటాయి? కొన్ని సెకన్లే అని ఎక్కడో చదివాను. కొన్ని సెకన్ల కోసం ఇంకో ప్లేయర్ కొనాలా?

పాత_పోస్టర్
తమ్ముడూ, కొన్ని సెకన్లే. కానీ ఆ సెకన్లు సినిమాలో ఎక్కడివో తెలిస్తే ఈ మాట అడగవు.

అప్పట్లో బ్రిటిష్ సెన్సార్ బోర్డుకి స్క్రిప్టు ముందే పంపేవాళ్లు. జిమ్మీ సాంగ్‌స్టర్ రాసిన స్క్రిప్టు చదివిన దగ్గర్నుంచే వాళ్లకి గుబులు పట్టుకుంది. అంతకుముందు ఏడాది ‘ది కర్స్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’లో నెత్తురు రంగుల్లో కనిపించేసరికి ఇంగ్లండులో పత్రికల వాళ్లు అగ్గి మీద గుగ్గిలమయ్యారు. జనం మాత్రం టికెట్ల కోసం క్యూ కట్టారు. అందుకని ‘డ్రాక్యులా’ విషయంలో బోర్డు మరింత గట్టిగా కూర్చుంది. డ్రాక్యులా కాటుకి పిశాచిగా మారిన లూసీ గుండెలో కొయ్యమేకు దిగడం, ఆమె వదిన మీనా పడగ్గదిలోకి డ్రాక్యులా రావడం, చివర్లో ఎండ తగిలి అతను బూడిదైపోవడం, ఈ మూడు చోట్లా వాళ్లకి అభ్యంతరమే. ఎక్స్ సర్టిఫికెట్ ఇస్తూ కూడా కోయించారు. అంటే పదహారేళ్లు నిండినవాళ్లని మాత్రమే లోపలికి రానిచ్చే సినిమాలో కూడా ఆ షాట్లు ఉండటానికి వీల్లేదన్నారన్నమాట.

చివరి సీనులో డ్రాక్యులా తన మొహాన్ని తానే గోళ్లతో చీరుకుంటాడు. చర్మం ఊడి వస్తుంది. ఆ షాటు బ్రిటన్‌లోనూ లేదు, అమెరికాలోనూ లేదు. స్టిల్ ఫోటో మాత్రం పత్రికల్లో, పుస్తకాల్లో తిరుగుతూ ఉండేది. తీసిన మాట నిజమే, ఫోటో ఉంది, షాటు మాత్రం ఎక్కడా లేదు. అభిమానులు యాభై ఏళ్లకు పైగా ఆ ఒక్క షాటు కోసం ఎదురుచూశారు. జపాన్‌లో ఆడిన ప్రింటులో ఉండేదని ఒక మాట చలామణిలో ఉండేది. చాలామంది దాన్ని కట్టుకథ కింద కొట్టేశారు.

అర్ధరాత్రి_ఆట
సరే, ఆసక్తి పుట్టించారు. మరి ఎలా దొరికింది?

పాత_పోస్టర్
టోక్యోలో ఉంటున్న ఒక బ్రిటిష్ అభిమాని పట్టుదలగా వెంటపడ్డాడు. టోక్యో జాతీయ ఆధునిక కళా మ్యూజియం కింద నేషనల్ ఫిల్మ్ సెంటర్ ఉండేది. అక్కడ ‘డ్రాక్యులా’ ప్రింటు ఒకటి తొమ్మిది రీళ్లలో ఉండేది. 1984లో ఆ సెంటర్‌లో అగ్నిప్రమాదం జరిగింది. మొదటి అయిదు రీళ్లు పోయాయి. చివరి నాలుగు రీళ్లు మిగిలాయి. అవి కలిపి 36 నిమిషాలు. మనకి కావలసిన క్లైమాక్సు ఆ నాలుగింటిలోనే ఉంది. సంగతి 2011 సెప్టెంబరులో హామర్ వాళ్లు ప్రకటించారు. మొహం చీరుకునే షాటుతో పాటు, మీనా మెడ మీదికి వంగే ముందు డ్రాక్యులా తన మొహాన్ని ఆమె మొహానికి దగ్గరగా తెచ్చే ముక్క కూడా దొరికింది.

మంటలు ఇటు చివర కాకుండా అటు చివర అంటుకుని ఉంటే ఇవాళ మనం ఈ మాటలే మాట్లాడుకునేవాళ్లం కాదు. ఆ ప్రకటన రావడానికి కొద్ది వారాల ముందే, 2011 ఆగస్టులో, స్క్రిప్టు రాసిన సాంగ్‌స్టర్ చనిపోయాడు. అది తలుచుకుంటే నాకిప్పటికీ బాధ.

సెకండ్_షో
ఇంత కథ ఉందని నాకు తెలీదు పోస్టర్ గారూ. ఆ షాటు ఎలా తీశారో కూడా ఎవరైనా చెప్తారా? 1958లో కంప్యూటర్లు లేవు కదా.

రీలు_పెట్టె
నమస్తే. నేను మద్రాసులో ఒక కలర్ ల్యాబ్‌లో ప్రింటు రంగులు సరిచేసే గ్రేడింగ్ సెక్షన్లో పనిచేసి రిటైరయ్యాను. ఇలాంటి పాత ట్రిక్కులంటే నాకు మహా ఇష్టం కాబట్టి చెప్తాను.

ముందు లీ మొహానికి ఎర్ర రంగు పూశారు. దాని మీద శవాలకి మేకప్ చేసేవాళ్లు వాడే మైనం పల్చగా పట్టించారు. ఆ మైనం మీద మళ్లీ మామూలు చర్మం రంగు వేశారు. కెమెరా ముందు లీ వేళ్లతో గీరుకుంటే మైనం ఊడి వస్తుంది, కింద ఉన్న ఎరుపు బయటపడుతుంది. మేకప్ ఫిల్ లీకీది, స్పెషల్ ఎఫెక్టులు సిడ్ పియర్సన్‌వి. పియర్సన్ ఆ బూడిదయ్యే వరసనంతా ముక్కలు ముక్కలుగా కట్టాడు. ముందు కాలు, తర్వాత చెయ్యి, తర్వాత మొహం. ఒక్కో ముక్క మధ్యలో కుషింగ్ మొహం పడుతుంది. ఈ షాటు లేని ప్రింట్లలో చెయ్యి నుంచి మొహానికి పోయే చోట ఒక గతుకు ఉండేది. ఎడిటింగ్ తెలిసినవాళ్లకి అక్కడేదో జారిందని అనిపించేది. 2012 రూపంలో ఆ గతుకు లేదు. లయ కుదిరింది. కాబట్టి ఆ సెకన్ల విలువ నెత్తురు ఇంకాస్త కనిపించడంలో లేదు, వరస నిండటంలో ఉంది.

కొల్లేటి_కొంగ
రీలు పెట్టె మాస్టారూ, చివరి మాట ఎంత బాగా చెప్పారు! నేను సినిమా కంటే ముందు నవల చదివినదాన్ని. బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన దాంట్లో డ్రాక్యులా ఎండకి చావడు. పొద్దు గుంకే వేళకి రెండు కత్తులు దిగుతాయి, ఒకటి గొంతులో, ఒకటి గుండెలో. ఎండకి చచ్చిపోవడమనేది 1922 జర్మన్ మూకీ ‘నోస్ఫెరాటు’తో వచ్చింది. హామర్ వాళ్లు దాన్ని తీసుకుని ఒక పెద్ద గదిలో, ఒక పరుగులో పెట్టారు. కుషింగ్ వేసిన డాక్టరు వాన్ హెల్సింగ్ బల్ల మీద పరిగెత్తి తెరల మీదికి దూకి వాటిని లాగేస్తాడు. ఎండ పడుతుంది. రెండు కొవ్వొత్తి స్టాండ్లు అడ్డంగా పట్టుకుని సిలువ చేస్తాడు. ఆ పరుగూ ఆ స్టాండ్లూ కుషింగ్ ఇచ్చిన సలహాలే. అప్పటిదాకా పెద్దమనిషిలా కోటు వేసుకుని నింపాదిగా మాట్లాడిన డాక్టరు ఒక్కసారిగా కుర్రాడిలా దూకుతాడు. చూసిన ప్రతిసారీ నా గుండె దడదడలాడుతుంది.

కథని కూడా ఎంత కుదించారో చూడండి. డ్రాక్యులా కోటకి వెళ్లే హార్కర్ నవలలో లాయరు, ఏమీ తెలియకుండా వెళ్లి ఇరుక్కుంటాడు. ఇక్కడ లైబ్రరీ సర్దే ఉద్యోగం పేరు చెప్పి, డ్రాక్యులాని చంపడానికే వెళ్తాడు. ఓడ లేదు, ఇంగ్లండు ప్రయాణం లేదు. గబ్బిలంగా మారడం, తోడేలుగా మారడం అసలే లేవు. డబ్బు లేక తీసేసినవి కథకి బలమయ్యాయి. డ్రాక్యులా ఎక్కడో దూరాన లేడు, మీనా వాళ్ల ఇంటి కింది గదిలోనే శవపేటికలో పడుకుని ఉన్నాడని తెలిసినప్పుడు వచ్చే భయం ఓడ సీన్లతో వచ్చేది కాదు.

థేమ్స్_గట్టు
డబ్బు మాటొచ్చింది కాబట్టి చెప్తాను మేడమ్. బడ్జెట్ దాదాపు 81 వేల పౌండ్లు. 1957 నవంబరులో బ్రే స్టూడియోలో మొదలుపెట్టారు. పేరుకి స్టూడియో కానీ అది థేమ్స్ ఒడ్డున ఉన్న ‘డౌన్ ప్లేస్’ అనే పాత బంగళా, దాని చుట్టూ కట్టిన చిన్న చిన్న స్టేజీలు. విండ్సర్‌కీ మెయిడెన్‌హెడ్‌కీ మధ్య ఉంటుంది, మా ఇంటికి దగ్గరే. స్లౌ, రెడింగ్ వైపు మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు కదా, రోజూ ఆ పక్కగా పోతూ కూడా అదేమిటో తెలియనివాళ్లే ఎక్కువ. పక్కనే ఓక్లీ కోర్ట్ అని గోపురాల మేడ ఒకటి ఉంది, ఇప్పుడది హోటలు. ‘ది బ్రైడ్స్ ఆఫ్ డ్రాక్యులా’లాంటి తర్వాతి హామర్ సినిమాల్లో కనిపిస్తుంది. మొన్నామధ్య ఒక సాయంత్రం అక్కడ టీ తాగాను. నది వైపు నుంచి చూస్తే ఆ గోపురాలు సినిమాలో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

బెర్నార్డ్ రాబిన్సన్ సెట్లు వేశాడు. ఉన్న స్టేజీ కొంచెమే కాబట్టి ఒక గది పని అవగానే గోడలు మార్చి, స్తంభాలు జరిపి ఇంకో గది చేసేవాడు. అయినా ఆ కోట చూస్తే ఎక్కడా ఇరుకనిపించదు. ఆఖరి సీను జరిగే గది నేల మీద రాశిచక్రం బొమ్మ ఉంటుంది. బూడిద గాలికి ఎగిరిపోయాక ఉంగరం దాని మీదే మిగులుతుంది. పాత డీవీడీలో ఆ నేల మసగ్గా ఉండేది. బ్లూరేలో ఆ బొమ్మలన్నీ విడివిడిగా కనిపిస్తాయి.

అర్ధరాత్రి_ఆట
అన్నీ బాగున్నాయి. ఇప్పుడు అసలు గొడవకి రండి. 2013 డిస్కు నీలంగా ఉంటుందని నెట్లో ఒకటే గోల. నిజమేనా?

థేమ్స్_గట్టు
నిజమే. దాచడానికేం లేదు. పాత డీవీడీ అలవాటైన కంటికి 2013 డిస్కు చల్లగా, చీకటిగా అనిపిస్తుంది. హార్కర్ పట్టపగలు కోటకి నడిచి వచ్చే సీనులో కూడా నీలిఛాయ ఉంది. వార్నర్ డిస్కులో అదే సీను వెచ్చగా, చెట్ల ఆకులు ఆకుల రంగులో, మొహాలు మొహాల రంగులో ఉన్నాయి. నా కంటికి వార్నర్ రంగులే సహజం. అందుకే సినిమా మొదటిసారి చూసే స్నేహితులొస్తే వార్నర్ డిస్కు పెడతాను.

కొల్లేటి_కొంగ
నాకు ఆ నీలం నచ్చింది. తప్పా? చలికాలపు తెల్లవారుజాములా ఉంటుంది. కోట అంటే అలాగే ఉండాలనిపించింది.

రీలు_పెట్టె
తప్పేం కాదమ్మా, నచ్చడం వేరు. కానీ రిస్టోరేషన్‌లో ‘నాకు నచ్చింది’ అన్నది ఆఖర్న రావలసిన ప్రశ్న. మొదటి ప్రశ్న, 1958లో హాల్లో జనం ఏం చూశారన్నది. అది కనుక్కోవడం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్లకే తెలుసు, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

కెమెరాలోంచి వచ్చిన కలర్ నెగటివ్‌ని మీరు చూస్తే అంతా నారింజ రంగు పొర. అందులో ‘ఇదీ సినిమా రంగు’ అని ఎక్కడా రాసి ఉండదు. ల్యాబులో గ్రేడర్ కూర్చుని ప్రతి షాటుకీ ఎరుపు ఎంత, పచ్చ ఎంత, నీలం ఎంత అని లైట్లు వేస్తాడు. ఆ నంబర్లతో ప్రింటు తీస్తాం. కెమెరామన్ వచ్చి చూసి ‘ఇది కాస్త వెచ్చగా కావాలి, ఈ రాత్రి ఇంకొంచెం లోతుగా ఉండాలి’ అంటాడు. మళ్లీ మారుస్తాం. ఆయన సరే అన్న ప్రింటే ప్రమాణం. అంటే సినిమా రంగు నెగటివ్‌లో సగమే ఉంటుంది. మిగతా సగం ఆ నంబర్లలో, ఆ ప్రింటులో, ఆ మనిషి జ్ఞాపకంలో ఉంటుంది.

ఇప్పుడు ఈ సినిమా చూడండి. కెమెరామన్ జాక్ ఆషర్. నీడల్లోకి, మూలల్లోకి రంగు జెలటిన్ కాగితాలు పెట్టిన లైట్లు వేసేవాడు. గోడ మీద ఊదా, స్తంభం వెనక పచ్చ, దుప్పటి మడతలో ఎరుపు. కళ్లకి పట్టీ పట్టనట్టు ఉంటాయి. అలా లైట్లు పెట్టడానికి టైము పట్టేది, హామర్ వాళ్లకి టైమంటే డబ్బు, ఆ కారణంగానే తర్వాత్తర్వాత ఆయన్ని పక్కనపెట్టారు. ఆషర్ 1991లో పోయాడు. దర్శకుడు టెరెన్స్ ఫిషర్ 1980లోనే పోయాడు. 2007లోనూ 2012లోనూ గ్రేడింగ్ గదిలో కూర్చుని ‘ఇది కాదు, అది’ అని చెప్పడానికి ఆ ఇద్దరిలో ఒక్కరూ లేరు.

మరి పాత ప్రింట్లు చూసి పోల్చుకోవచ్చు కదా అంటారు. ఈస్ట్‌మన్ ప్రింట్ల సంగతి మన వాళ్లందరికీ తెలుసు. పదీ ఇరవై ఏళ్లకి పచ్చా నీలం ఎగిరిపోయి అంతా గులాబీ రంగుకి దిగుతుంది. మన ఎన్టీఆర్, ఏఎన్నార్‌ల తొలి కలర్ సినిమాలు టీవీలో ఎర్రగా వచ్చేవి గుర్తుందా? కారణం అదే. అలాంటి ప్రింటుని ప్రమాణంగా పెట్టుకోలేం. ఆ కాలపు టెక్నికలర్ పద్ధతిలో అద్దకం వేసినట్టు వేసిన ప్రింట్లయితే వెలవవు. అలాంటివి దొరికితే వాటిని పక్కన పెట్టుకుని పనిచెయ్యాలి. అయినా ఆ ప్రింటు ఏ ప్రొజెక్టర్ లైటు కోసం వేశారన్నది కూడా చూసుకోవాలి. అప్పట్లో హాళ్లలో కార్బన్ ఆర్క్ దీపాలు. వాటి వెలుగు వేరు, మన టీవీ తెలుపు వేరు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. 2013 డిస్కులో రాత్రి సీన్లు బాగున్నాయి. పగటి సీన్లలో నీలం ఎక్కువైంది, ఆషర్ పెట్టిన వేర్వేరు రంగుల్ని అది ఒక్క పొర కింద కప్పేసింది. ఆయన కష్టమంతా రంగుల్ని విడదియ్యడంలో ఉంది. వాటిని ఒకటి చేసే గ్రేడింగ్ ఎంత అందంగా ఉన్నా ఆయనకి అన్యాయమే. లైబ్రరీ సీను తీసుకోండి. డ్రాక్యులా మొదటిసారి అసలు రూపంలో తలుపు దగ్గర కనిపిస్తాడు. కళ్లు ఎర్రగా, మూతికి నెత్తురు. అక్కడ మిగతా గదంతా మామూలు రంగులో ఉంటేనే ఆ ఎరుపు కొడుతుంది.

సెకండ్_షో
మాస్టారూ, ఈ ఒక్క పోస్టు కోసమైనా ఈ టాపిక్ పెట్టినందుకు సంతోషంగా ఉంది. లైబ్రరీ సీను నేను మొదటిసారి చూసినప్పుడు కుర్చీలో వెనక్కి జరిగాను. అంతకుముందు మెట్ల మీద నీడలా నిలబడి, చకచకా దిగి వచ్చి మర్యాదగా పలకరించిన మనిషేనా ఇతను అనిపించింది. హార్కర్‌తో మాట్లాడిన ఆ కాసిని మాటలే, తర్వాత సినిమా అంతా ఆయన నోరు విప్పడు. చూపుతోనే నడిపించాడు.

పాత_పోస్టర్
మాటలు తక్కువైనా జేమ్స్ బెర్నార్డ్ సంగీతం ఆ పేరునే పలుకుతూ ఉంటుంది. డ్రా, క్యు, లా అని మూడు అక్షరాలకి మూడు స్వరాలు కట్టాడు. టైటిల్స్‌లో శవపేటిక మీద చెక్కిన పేరు మీదికి నెత్తురు చుక్కలు పడతాయి, పైన ఎవరూ ఉండరు, నెత్తురు ఎక్కడిదో చెప్పరు. బ్లూరే సౌండు మోనోనే, అలాగే ఉంచారు, మంచి పని చేశారు. హడావుడిగా అయిదు స్పీకర్లకి పంచితే ఆ ఇత్తడి వాయిద్యాల దెబ్బ పోయేది.

అన్నట్టు, టైటిల్ సంగతి కూడా ముఖ్యమే. అమెరికాలో 1931 యూనివర్సల్ ‘డ్రాక్యులా’తో కలిసిపోకుండా ‘హారర్ ఆఫ్ డ్రాక్యులా’ అని పేరు మార్చి వదిలారు. ఇన్నేళ్లూ ఇళ్లలో చాలామంది చూసింది ఆ పేరుతోనే. 2007లో బ్రిటిష్ టైటిల్ కార్డు తిరిగి వచ్చింది.

అర్ధరాత్రి_ఆట
రీలు పెట్టె మాస్టారికి ఒక ప్రశ్న. జపాన్ ప్రింటు గీతలు పడి ఉంటుంది కదా, దాన్ని శుభ్రంగా ఉన్న నెగటివ్ మధ్యలో అతికిస్తే తేడా తెలిసిపోదా? అలాంటప్పుడు కలపకుండా విడిగా ఇస్తే సరిపోయేది కదా?

రీలు_పెట్టె
తెలుస్తుంది బాబూ. ఆ షాట్లు వచ్చినప్పుడు గ్రెయిన్, అంటే బొమ్మ మీద ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు, పెరుగుతుంది, రంగు కాస్త ఒరుగుతుంది. నెగటివ్ నుంచి వచ్చిన బొమ్మకీ, నాలుగు చేతులు మారిన ప్రింటు నుంచి వచ్చిన బొమ్మకీ ఆ తేడా ఉండి తీరుతుంది. ఎంత తుడవాలి అన్నది అసలు నైపుణ్యం. బాగా తుడిస్తే గీతలతో పాటు మొహం మీద చర్మపు నునుపూ ముడతలూ పోయి బొమ్మ మైనపు ముద్దలా తయారవుతుంది. ఇక్కడ చేసినవాళ్లు ఓర్పుగా చేశారు, కొంచెం మచ్చ మిగిలినా బొమ్మ ప్రాణంతో ఉంది.

కలపాలా, విడిగా ఇవ్వాలా అన్నదానికి ఆ సెట్టే జవాబు. కలిపిన రూపం ఉంది. కలపని 2007 రూపమూ ఉంది. పైగా జపాన్‌లో దొరికిన నాలుగు రీళ్లనీ ఏమీ తుడవకుండా, గీతలతో సహా, మొదట్నుంచి చివరిదాకా అదనపు విభాగంలో పెట్టారు. ఏ ముక్క ఎక్కణ్నించి తెచ్చారో, ఎంత తుడిచారో చూసేవాడు తానే పోల్చుకోవచ్చు. రంగు విషయంలో నాకు పేచీ ఉన్నా, ఈ నిజాయితీకి దణ్ణం పెడతాను. రిస్టోరేషన్ చేసే ప్రతివాళ్లూ ఇలా ముడిసరుకు కూడా చూపించాలి.

కొల్లేటి_కొంగ
ఆ నాలుగు రీళ్లూ నేను పూర్తిగా చూశాను. మీనా సీను దగ్గర ఆగిపోయాను. డ్రాక్యులా ఆమె మీదికి వంగినప్పుడు ఆమె మొహంలో ఉన్నది భయమొక్కటే కాదు. సెన్సార్ వాళ్లని అసలు కలవరపెట్టింది అదే అయ్యుంటుందని నాకనిపిస్తుంది. రాత్రంతా బయటుండి పొద్దున్నే ఇంటికొచ్చిన మీనా కోటు కాలర్ పైకి లేపుకుని, భర్తకి మెడ కనపడకుండా, ఒక చిన్న నవ్వు నవ్వుతుంది చూడండి. మెలిసా స్ట్రిబ్లింగ్ ఆ నవ్వొక్కటితో సినిమాని ఇంకో మెట్టు ఎక్కించింది. ఆ నవ్వుని కొయ్యలేకపోయారు, దానికి కారణమైన ముక్కని కోశారు. ఇప్పుడు రెండూ ఒకచోట ఉన్నాయి. ఆడపాత్రలు ఈ సినిమాలో కేవలం బలయ్యేవాళ్లు అని రాసే విమర్శకులు ఈ రూపం చూసి మళ్లీ ఆలోచించాలి.

లూసీ విషయంలో మాత్రం నాకు నవలే ఎక్కువ నచ్చింది. అందులో ప్రేమించిన ఆర్థరే మేకు దింపాలి. సినిమాలో ఆర్థర్ ఆమె అన్న. మేకు వాన్ హెల్సింగ్ దింపుతాడు, ఆర్థర్ పక్కన నిలబడి చూస్తాడు. ఆ బరువు తగ్గింది.

థేమ్స్_గట్టు
ఆర్థర్‌గా వేసిన మైకేల్ గఫ్ మొహం చూశాక ఆ బరువు తగ్గిందని నేననుకోను మేడమ్. సరే, అది వేరే చర్చ.

ఇంకో మాట. 2012 రూపాన్ని మొదట జనానికి చూపించింది 2013 ఫిబ్రవరిలో, లండన్‌లో వాటర్లూ స్టేషన్ కింద ఉండే సొరంగాల్లో, వాల్ట్ ఫెస్టివల్‌లో. ఈ సినిమాలో చిన్నపిల్ల టానియాగా వేసిన జనీనా ఫే అక్కడికొచ్చి నవలలోంచి ఒక అధ్యాయం చదివింది. ఆ చదివింది కూడా సెట్టులో ఉంది. అదే ఏడాది ఆగస్టు చివర్లో బ్రిటిష్ మ్యూజియం ముంగిట్లో ఆరుబయట ‘డ్రాక్యులా’ వేశారు. ఒకప్పుడు పత్రికలు చీదరించుకున్న సినిమాకి దేశంలోకెల్లా పెద్ద మ్యూజియం ముందు తెర కట్టారు.

పాత_పోస్టర్
గౌరవం రావడానికి యాభై ఏళ్లు పట్టింది, కానీ ఆ యాభై ఏళ్లూ నెగటివ్ భద్రంగా ఉంది. మనవైపు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మన తొలి టాకీ, 1932 ‘భక్త ప్రహ్లాద’, ఒక్క ప్రింటు కూడా మిగల్లేదు. 2003 జనవరిలో పుణేలో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్ల నైట్రేట్ రీళ్లు (ఇట్టే అంటుకునే పాతకాలపు ఫిల్ము) ఉన్న వాల్టు తగలబడింది. టోక్యోలో తగలబడ్డ ప్రింటుకి నెగటివ్ వేరేచోట ఉంది. లండన్‌లో కోసేసిన షాటు టోక్యోలో ఉంది. ఒకదానికొకటి కాపు కాశాయి. ‘నోస్ఫెరాటు’ కూడా అంతే, స్టోకర్ భార్య కోర్టుకెళ్లి గెలిచి, ప్రింట్లన్నీ నాశనం చెయ్యమని 1925లో తీర్పు తెచ్చుకుంటే, వేరే దేశాలకి వెళ్లిపోయిన కాపీల వల్ల బతికింది. మన సినిమాల ప్రింట్లు మలేషియాకీ సింగపూర్‌కీ ఇంకెక్కడెక్కడికో వెళ్లాయి. అక్కడి ఆర్కైవుల్లో ఎవరైనా వెతికారా?

రీలు_పెట్టె
వెతకాలి. 2019 డిసెంబరులో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్లు హైదరాబాద్‌లో ఫిల్ము భద్రపరిచే పని మీద వర్క్‌షాప్ పెట్టారు. రీలు ఎలా విప్పాలి, పాడైపోతూ వెనిగర్ వాసన కొడుతున్న ఫిల్ముని ఎలా విడదియ్యాలి అని కుర్రాళ్లకి చేత్తో చేయించి నేర్పారు. అలాంటివి ఏటా జరగాలి. ఎవరింట్లోనైనా, మూతపడ్డ హాల్లోనైనా రీళ్ల డబ్బాలు కనిపిస్తే పాతసామానుకి వెయ్యకండి. తుప్పు పట్టి ఉన్నా, మధ్యలో రీళ్లు లేకపోయినా సరే. తొమ్మిదింటిలో నాలుగే మిగిలిన ప్రింటు వల్లనే మనం ఇవాళ ఇంతసేపు మాట్లాడుకున్నాం.

సెకండ్_షో
అందరికీ కృతజ్ఞతలు. బ్రిటన్ సెట్టే తెప్పిస్తున్నాను, అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ మా తమ్ముడి దగ్గరుంది. ముందు 2007 రూపం, తర్వాత 2012ది, ఆఖర్న జపాన్ రీళ్లు చూస్తాను. కామెంటరీ కూడా ఉందన్నారు, ఎలా ఉంటుంది?

థేమ్స్_గట్టు
మార్కస్ హర్న్, జొనాథన్ రిగ్బీ చేశారు. ఇద్దరూ హామర్ చరిత్ర మీద పుస్తకాలు రాసినవాళ్లు, ప్రతి నటుడి గురించీ చెప్తారు. సాంస్కృతిక చరిత్రకారుడు క్రిస్టఫర్ ఫ్రేలింగ్ మాట్లాడినదీ, సెన్సార్ గొడవ మీద విడిగా ఒకటీ ఉన్నాయి. సెన్సార్ ముక్క మాత్రం సినిమా చూశాకే పెట్టండి, క్లైమాక్సు షాట్లన్నీ అందులో వచ్చేస్తాయి. మీరు చెప్పిన వరస బాగుంది. ఒక్క మార్పు చెప్తాను. 2007, 2012 ఒకే రోజు చూడకండి, మధ్యలో కొన్నాళ్లు పోనివ్వండి. లేకపోతే కన్ను తేడాలే వెతుకుతుంది, సినిమా పట్టదు.

అర్ధరాత్రి_ఆట
నేను వార్నర్‌ది తీసుకుని, జపాన్ షాట్ల కోసం గట్టు అన్నని అడిగి చూపించుకుంటా, వచ్చే నెల ఎలాగూ లండన్ వస్తున్నా. తర్వాత ‘కర్స్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ గురించి టాపిక్ పెట్టండి ఎవరైనా. 2020 వార్నర్ డిస్కులో మూడు కొలతల్లో (ఎత్తుకి వెడల్పు ఎన్ని రెట్లన్నది) బొమ్మ ఇచ్చారట, 1.85, 1.66, 1.37. ఏది చూడాలి?

రీలు_పెట్టె
1.66 తో మొదలుపెట్టు బాబూ. మిగతాది ఆ టాపిక్‌లో మాట్లాడుకుందాం, పెట్టగానే వస్తాను.